పోపు వాసన వీధి చివరిదాకా

చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు సంక్రాంతికి వచ్చి వెళ్లి పది రోజులైంది. మీరు ఎగరేసిన గాలిపటం ఒకటి ఇంకా కొబ్బరిమట్టకి చిక్కుకునే ఉంది, దింపేవాడు దొరకలేదు. కారెక్కేటప్పుడు చిన్నోడు అడిగిన ప్రశ్న కూడా నాకు అలాగే చిక్కుకుంది. "తాతయ్యా, ట్రైలర్ చూస్తే ఒళ్లు జలదరించింది. సినిమాకెళ్తే నువ్వు నిద్రపోయావు, నాకు బోర్ కొట్టింది. అదే హీరో, అదే ఫైటు. మరి ఎందుకలా?" కారు కదిలింది కాబట్టి బతికిపోయాను. లేకపోతే తోచింది ఏదో చెప్పి పంపేసేవాణ్ణి.

ఈ పది రోజులూ ఆ ట్రైలర్ ఫోన్లో పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లని అడక్కండి. మీ నాయనమ్మ మీ నాన్నకి ఫోన్ చేసి "మీ నాన్నకి ఏదో అయింది" అని చెప్పిందట కూడా. రెండు నిమిషాల ఇరవై సెకన్ల ముక్క అది. చూడగా చూడగా నాకు తేలిందేమిటంటే, ట్రైలర్ అంటే పోపు.

నవ్వకండి. ఈసారి వచ్చినప్పుడు నాయనమ్మ పప్పుకి పోపు పెడుతుంటే పక్కన నిలబడి చూడండి. ముందు మూకుట్లో నూనె పోస్తుంది. కాసేపు ఏమీ జరగదు. చప్పుడు లేదు, వాసన లేదు. కానీ ఏదో జరగబోతోందని మనకి తెలుస్తూనే ఉంటుంది. ఆవాలు వేస్తుంది. ఒక గింజ టప్‌మంటుంది. కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత రెండు కలిసి. ఆపైన ఇక లెక్క ఉండదు, చిటపట చిటపట. ఎండుమిరపకాయలు పడతాయి, కరివేపాకు పడుతుంది, ఘాటుకి దగ్గొస్తుంది. సరిగ్గా అప్పుడు మూకుడు ఎత్తి పప్పులో ఒంపుతుంది. ఛుయ్! వెంటనే టక్కున మూత పెట్టేస్తుంది.

ఇప్పుడు ఆ ట్రైలర్ గుర్తు చేసుకోండి. మొదట పొగమంచులో పొలం. ఒక ముసలావిడ గొంతు. ఒక్కో బొమ్మ మీద కళ్లు నిలిచేంత తీరిక. అది నూనె కాగడం. తర్వాత ఒక తలుపు తెరుచుకుంటుంది, ఒక చెయ్యి కత్తి పట్టుకుంటుంది. ఆవాలు మొదలయ్యాయన్న మాట. చివరికొచ్చేసరికి గుర్రం, మంట, ఏడుపు, పెళ్లి, ఏనుగు, రక్తం, కన్ను, ఏది ఎవరిదో తెలియదు. ఢమ్మని సినిమా పేరు పడుతుంది. తెర నల్లగా అయిపోతుంది. మూత!

ఇది నా ఊహే అనుకుంటారేమోనని లెక్క కూడా వేశాను. డబ్బాలోంచి గుప్పెడు చింతపిక్కలు తీసుకుని, షాటు మారినప్పుడల్లా ఒక పిక్క గిన్నెలో వేశాను. షాటు అంటే మరేం లేదు, మధ్యలో తెగకుండా ఒకే ఊపున కనిపించే బొమ్మ. మొదటి అరనిమిషంలో ఎనిమిది పిక్కలు పడ్డాయి. చివరి అరనిమిషంలో నలభై దాటాక నా చేతిలో పిక్కలు అయిపోయాయి, ట్రైలర్ మాత్రం అయిపోలేదు. బొమ్మల వెనక డప్పు దెబ్బ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే షాటు తెగుతోంది. ఎడిటర్ అనే ఆయన దగ్గరుండి కోస్తాడు అలా. మన గుండె ఆ దెబ్బకి తగ్గట్టు కొట్టుకోవడం మొదలెడుతుంది, మనల్ని అడక్కుండానే.

మా చిన్నప్పుడు మాకీ ట్రైలర్లు ఎక్కడివి? తెనాలి దగ్గర మా ఊళ్లో టూరింగ్ టాకీస్ ఉండేది. పైన డేరా, కింద ఇసక, నేల టికెట్ పావలా. సాయంత్రం ఘంటసాల గొంతుతో వెంకటేశ్వరస్వామి పాట మైకులో మొదలైందంటే టికెట్లు ఇవ్వబోతున్నారని అర్థం. తెర మీద బొమ్మ పడటానికి గంట ముందే, పొలంలో ఉన్నవాడికి కూడా సినిమా మొదలైపోయేది. కొత్త సినిమా వచ్చిందంటే రెండెడ్ల బండికి రెండు పక్కలా బొమ్మలు కట్టి, మైకు పెట్టి ఊరంతా తిప్పేవాళ్లు. బండిలోంచి గులాబీ రంగు, పసుపు రంగు కాగితాలు విసిరేవాళ్లు. వాటి కోసం దుమ్ములో పడి మోకాళ్లు చెక్కుకుపోయేవి. హాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. అందులో కథ కొంచెం రాసి, హీరోయిన్ని ఎవరో ఎత్తుకుపోయేదాకా తెచ్చి, "తరువాత ఏమైంది? వెండితెరపై చూడండి" అని ఆపేసేవాళ్లు. నా దగ్గర పావలా ఉండేది కాదు. అందుకని ఆ తర్వాతి కథ నేనే కట్టి, చెరువుగట్టు మీద స్నేహితులకి చెప్పేవాణ్ణి. అలా ఒక సినిమా కథ నెలరోజులు చెప్పాను. ఏడాది తర్వాత ఆ సినిమా చూసే యోగం పట్టింది. చూస్తే నా కథే బాగుంది! చిన్నోడా, నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉందని నా అనుమానం. ట్రైలర్ చూసి వచ్చాక మిగతా సినిమా నువ్వే తీసుకున్నావు, నీ బుర్రలో. ఆ సినిమాతో పోటీపడి ఎవరు గెలుస్తారు?

సరే, పోపు సంగతికి వద్దాం. పోపులో సగం పని చెవిది. ఆ ముసలావిడ గొంతు ట్రైలర్లో ఏమంటుంది? "వాడు తిరిగి రాడు." ఆ మాట మీద హీరో మంటల్లోకి నడుస్తూ వెళ్తుంటాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సినిమాలో, నేను మెలకువగా ఉన్నప్పుడే వచ్చింది కాబట్టి విన్నాను, ఆవిడ ఆ మాట అన్నది అప్పు తీసుకుని పారిపోయిన గేదెల బేరగాడి గురించి! ఒకచోట మాట, ఇంకోచోట బొమ్మ. రెండూ పక్కపక్కన పెడితే మన మనసే ముడి వేసేస్తుంది.

చప్పుళ్లూ అంతే. తోలు ఒరలోంచి కత్తి తీస్తే 'శ్రింగ్' అని మోగదు, ఉత్తి గీరుకున్న చప్పుడు వస్తుంది. తర్వాత స్టూడియోలో కూర్చుని ఆ మోత కలుపుతారు. అడుగుల చప్పుడు, బట్టల గరగర, తలుపు కిర్రు, అన్నీ విడిగా చేసి అతికించే పనివాళ్లున్నారు. ఆ పనికి హాలీవుడ్‌లో జాక్ ఫోలీ అనే ఆయన పేరే పెట్టి ఫోలీ అంటున్నారు. గుర్రపు డెక్కల చప్పుడుకి కొబ్బరి చిప్పలు బోర్లించి కొట్టేవాళ్లు. మేమూ బడి నాటకంలో అదే చేశాం, హాలీవుడ్ సంగతి మాకేం తెలుసు. కానీ ట్రైలర్లో నాకు అన్నిటికంటే గట్టిగా వినిపించింది ఏమిటో తెలుసా? ఏమీ లేకపోవడం. పేరు పడే ముందు ఒక్క క్షణం చప్పుళ్లన్నీ ఆగిపోతాయి. ఆ క్షణం లేకపోతే ఆ ఢమ్ ఉత్తి డబ్బా మోత.

కెమెరా మాటేమిటి అంటారా? పోపులో కెమెరా మూకుడు అనుకోండి. లోతు మూకుడైతే... కాదు, గరిటె అనుకోండి. ఊహూఁ. ఈ పేరా నాయనమ్మకి చదివి వినిపిస్తే "మీ పోపు మాడింది, ఇంక దించండి" అంది. దించుతాను. కెమెరా గురించి నేను చేసిన పని చెబుతాను. ఫోన్ని నేల మీద పెట్టి, తులసికోట దగ్గర నిలబడ్డ నాయనమ్మని ఫోటో తీశాను. అమ్మోరులా ఉంది, వెనక ఆకాశం. డాబా ఎక్కి పైనుంచి తీశాను. తప్పిపోయిన చిన్నపిల్లలా ఉంది. అదే చీర, అదే మనిషి. హీరో కనిపించినప్పుడల్లా కెమెరా అతని కాళ్ల దగ్గర ఎందుకు కూర్చుంటుందో, అతను ఓడిపోయినప్పుడు చెట్టెందుకు ఎక్కుతుందో ఇక నేను చెప్పక్కర్లేదు.

హీరో కాలు నీటిగుంటలో పడి నీటి చుక్కలు తీరిగ్గా లేస్తాయి చూడు చిన్నోడా, దానికి మాత్రం చిన్న లెక్క ఉంది. సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. తీసేటప్పుడు సెకనుకి 96 తీసి, చూపించేటప్పుడు 24 చొప్పున వదిలితే ఒక సెకను నాలుగు సెకన్లయి కూర్చుంటుంది. నీ హీరో పెద్ద గొప్పగా నడవలేదమ్మా, మామూలుగానే నడిచాడు.

బుజ్జమ్మ వేరే గొడవ పెట్టింది, గుర్తుంది. ట్రైలర్లో ఏనుగు ఉంది, సినిమాలో లేదు, ఇది మోసం కాదా అని. తల్లీ, సినిమా కోత ఇంకా పూర్తికాక ముందే చాలాసార్లు ట్రైలర్ కట్ చేస్తారు. తర్వాత నిడివి ఎక్కువైందని కొన్ని సీన్లు తీసేస్తారు. నీ ఏనుగు అలా పోయి ఉంటుంది. కావాలని చేసినవాళ్లూ ఉన్నారు. 1960లో హిచ్‌కాక్ అనే దర్శకుడు 'సైకో' అనే సినిమాకి ఆరు నిమిషాలు దాటిన ట్రైలర్ చేశాడు. అందులో ఆయనే గైడులా సెట్టంతా తిప్పి చూపిస్తాడు, చెప్పబోయిన మాట సగంలో ఆపేస్తాడు. చివర స్నానాలగది తెర లాగితే ఒకామె కెవ్వుమంటుంది. సినిమాలో ఆ గదిలో ఉండేది ఆమె కాదు, వేరే నటి! (ఆ సినిమా చూసే వయసు మీకింకా రాలేదు. మీ అమ్మకి ఈ పేరా చూపించకండి.)

అంతకంటే పాత విద్య ఒకటుంది. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన, ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో పాప, ఒకసారి పడుకున్న ఒక స్త్రీ బొమ్మ అతికించి చూపించాడు. జనం ఆ నటుడి ఆకలికీ, దుఃఖానికీ, కోరికకీ మెచ్చుకున్నారట. ముఖం మాత్రం ఒకటే. మీరూ చేసి చూడండి. నాన్న టీవీ చూస్తుండగా ముఖం ఐదు సెకన్లు తీయండి. దాని తర్వాత ఒకసారి ఆవకాయ జాడీ, ఇంకోసారి చిన్నోడి ప్రోగ్రెస్ కార్డు అతికించి అమ్మకి చూపించండి. ఏమంటుందో నాకు రాయండి.

పెద్దవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పి వదిలేస్తాను. రేపు సబ్బు అమ్మేవాడూ, ఓటు అడిగేవాడూ మీకు ఈ పోపే పెడతారు. దగ్గొచ్చినప్పుడల్లా ఒకసారి మూత తీసి పప్పు ఉడికిందో లేదో చూసుకోండి.

అన్నట్టు, ట్రైలర్ అంటే ట్రాక్టర్ ట్రైలరేనా అని కూడా అడిగారు కదా. ఆ మాటే! వెనక వచ్చేదని అర్థం. మొదట్లో అమెరికాలో సినిమా అయ్యాక చివర వేసేవాళ్లట. జనం ఆగకుండా లేచి వెళ్లిపోతుంటే ముందుకి మార్చారు. ట్రాక్టర్‌కి ముందు ట్రక్కు కట్టినట్టు, పేరు మాత్రం మారలేదు.

ఇంతా విప్పి చూశాక నాకు ఇంక ఆ ట్రైలర్ పనిచెయ్యకూడదు కదా? నిన్న రాత్రి మళ్లీ పెట్టాను. పిక్కలు ఎక్కడ పడతాయో తెలుసు, గేదెల బేరగాడి సంగతి తెలుసు. అయినా ఆ నిశ్శబ్దం వచ్చి ఢమ్మనగానే చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మీరు ఒక పని చెయ్యండి. ముందు సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని వినండి. అలా వింటే మొదట్లో పొగమంచు దగ్గర, ముసలావిడ మాట్లాడకముందు, ఒక పిట్ట కూస్తుంది. రెండే రెండు కూతలు. కళ్లు తెరిచి ఎంత వెతికినా బొమ్మలో నాకు పిట్ట కనిపించలేదు. మీ కళ్లు చిన్నవి, మంచివి. చూసి రాయండి.

మీ తాతయ్య