స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తే ట్రాఫిక్‌లో బండి నిలకడగా పోతుందా? అపోహలు – వాస్తవాలు

పోయిన నెల ఒక కుర్రాడు బండి తోసుకుంటూ మా షాపుకొచ్చాడు. ఎడమ అద్దం లేదు, క్లచ్ లివర్ వంగింది, ఇంజిన్ కవర్ గీసుకుపోయింది. హ్యాండిల్ కింద మాత్రం బంగారు రంగు స్టీరింగ్ డ్యాంపర్ ధగధగా మెరుస్తోంది. "అన్నా, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు కాడ మలుపుతుంటే హ్యాండిల్ పట్టేసింది. ఇది పెట్టుకుంటే బండి పడదన్నరు గదా!" అన్నాడు.

మలక్‌పేటలో ఇరవై ఏళ్లకు పైగా బండ్ల ముందు భాగం పనే నాది: ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు), కోన్‌సెట్లు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), అలైన్‌మెంట్లు. డ్యాంపర్ మీద నేను విన్నన్ని కథలు ఇంకే సామాను మీదా వినలేదు. ఆ కుర్రాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ డ్యాంపర్ గొట్టంలో ఏముందో చూద్దాం. నూనె నింపిన సిలిండర్, అందులో రాడ్డుకు బిగించిన పిస్టన్, నూనె అటూ ఇటూ పోవడానికి సన్నని దారి. ఒక కొస ఫ్రేముకు, ఇంకో కొస ఫోర్కుకు. హ్యాండిల్ తిప్పితే పిస్టన్ జరగాలి, అది జరగాలంటే నూనె ఆ సందులోంచి దూరాలి. ఆముదం డబ్బాలో గరిటె తిప్పినట్టే. మెల్లగా తిప్పితే ఏమీ తెలీదు, ఒక్కసారిగా విసిరితే చెయ్యి ఆగుతుంది. అంటే అది చూసేది హ్యాండిల్ ఎంత వేగంగా తిరుగుతోందనేదే, ఎటు తిరిగి ఉందనేది కాదు. నడిమికి లాగే స్ప్రింగేదీ అందులో లేదు. ఇదొక్కటి గుర్తుంటే కింద రాసినవన్నీ మీకే తడతాయి.

అపోహ: డ్యాంపర్ ఉంటే తక్కువ స్పీడులో బండి ఊగదు.

అసలు గొడవంతా ఇక్కడే. సాయంత్రం పూట పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు నత్తనడకన పోతున్నప్పుడు మీ ముందున్న బండి ముందు చక్రాన్ని గమనించండి. ఒక్క క్షణం నిమ్మళంగా ఉండదు. కుడికింత, ఎడమకింత, మళ్లీ కుడికి. నడిపేవాడికి తాను తిప్పుతున్నట్టు కూడా తెలీదు, చేతులే చేసుకుపోతుంటాయి. బండి ఎడమకు ఒరిగితే హ్యాండిల్ కాస్త ఎడమకు తిరుగుతుంది, చక్రాలు ఒరిగిన బరువు కిందికి వస్తాయి, బండి లేస్తుంది. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడుకున్నాం కదా, అదే లెక్క. కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు పరిగెత్తాలి.

ఇప్పుడు ఆ ఆటలో ఎవరో మీ మణికట్టు పట్టుకున్నారనుకోండి. తక్కువ స్పీడులో గట్టి డ్యాంపర్ చేసే పని అదే. మీరు దిద్దుతూనే ఉంటారు, ఆ దిద్దుబాటు ఆలస్యంగా అందుతుంది. అప్పటికి బండి ఇంకాస్త ఒరిగి ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ తిప్పుతారు, అది అటు ఎక్కువైపోతుంది. అలా బండి పాములా మెలికలు తిరుగుతుంది. స్పీడు పెరిగాక చాలావరకు తన నిలకడను బండే చూసుకుంటుంది. మనిషి నడిచే వేగం నుంచి 15 కి.మీ. దాకా భారమంతా మీ చేతులదే. సరిగ్గా అక్కడే చేతులకు అడ్డు పెట్టుకుంటున్నాం.

ఇంకో మోసం కూడా ఉంది. పుత్లీబౌలీలో కొత్త డ్యాంపర్ బిగించుకుని, బండి స్టాండు మీద ఉండగా హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పి "తేలిగ్గనే ఉంది" అంటారు. మెల్లగా తిప్పితే తేలిగ్గానే ఉంటుంది మరి! ఆటోవాడు అడ్డమొచ్చినప్పుడు టక్కున తిప్పాల్సి వస్తుంది చూడండి, దాని బరువు అప్పుడు తెలుస్తుంది.

నూనెది కాకుండా పాతకాలపు రాపిడి డ్యాంపర్లు కొన్ని ఉన్నాయి. స్టీరింగ్ నడినెత్తిన మర పెట్టి బిగించే రకం, సైడ్‌కార్ బండ్ల మీద ఎక్కువగా కనిపించేది. వాటిలో అడ్డు వేగాన్ని బట్టి మారదు. మెల్లగా తిప్పినా అంతే పట్టు. నత్తనడకలో అది నూనె డ్యాంపర్ కంటే చెడ్డది, ఎందుకంటే అతి చిన్న దిద్దుబాటుకు కూడా ముందు ఆ పట్టును విడిపించుకోవాలి.

అపోహ: ఎన్ని క్లిక్కులు బిగిస్తే అంత భద్రం.

కాదు. సిటీలో తిరిగేటప్పుడు డ్యాంపర్ మీది మర (తిప్పితే క్లిక్కుమంటూ గట్టిదనం మారేది) పూర్తిగా వదులు వైపు పెట్టండి. అక్కడినుంచి మొదలుపెట్టి, ఎక్కువ స్పీడులో గతుకు తగిలినప్పుడు హ్యాండిల్ విదిలించడం ఆగేదాకా ఒక్కో క్లిక్కు పెంచుకుంటూ పోవాలి. అక్కడ ఆపాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బండికి వచ్చే ఊపులు రెండు రకాలు. ఒకటి హ్యాండిల్ మాత్రమే సెకనుకు 5 నుంచి 10 సార్లు టపటపా కొట్టుకోవడం, మనవాళ్లు వాబ్లింగ్ అనేది దీన్నే. రెండోది మొత్తం బండి, వెనక భాగంతో సహా, సెకనుకు 2 నుంచి 4 సార్లు చేపలా ఈదడం. రాబిన్ షార్ప్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1971లోనే లెక్కలు వేసి ఈ రెంటినీ విడదీసి చూపాడు. డ్యాంపర్ మొదటి దాన్ని అణుస్తుంది. అతిగా బిగిస్తే హై స్పీడులో రెండోదాన్ని పెంచుతుంది. కింద ట్రాఫిక్‌లోనూ నష్టమే, పైన స్పీడులోనూ నష్టమే.

ఎండ గురించి చిన్న మాట. వేడికి నూనె పలచబడుతుంది. జనవరి పొద్దున పెట్టుకున్న సెట్టింగు మే నెల మధ్యాహ్నం అంత గట్టిగా ఉండదు. డ్యాంపర్ పాడైందని కంగారు పడి తెచ్చేవాళ్లున్నారు. రాడ్డు మీద నూనె జిడ్డు లేకపోతే దానికేం కాలేదు.

అపోహ: వాబ్లింగ్ వస్తే డ్యాంపరే మందు.

జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా గోళీ మింగించడం లాంటిది. ఒక డెలివరీ అబ్బాయి వచ్చాడు. మామూలు 125 సీసీ బండి, వెనక పెద్ద పెట్టె. 70లో పోతూ యాక్సిలరేటర్ వదిలితే 60, 50 మధ్య హ్యాండిల్ వణుకుతోందట. ఎవరో డ్యాంపర్ పెట్టించుకొమ్మన్నారు. వాడి నెల సంపాదనలో అదెంత ఖర్చో తలుచుకుంటేనే నాకు కోపమొచ్చింది.

సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం లేపాను. ఫోర్కుల కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే 'టక్ టక్' మని ఆడుతోంది. హ్యాండిల్ మెల్లగా తిప్పుతుంటే సరిగ్గా నడిమిట్లో గాటులో పడ్డట్టు ఆగుతోంది. కోన్‌సెట్ పోయిందని అక్కడే తేలిపోయింది. మన రోడ్ల గుంతలకు బాల్స్ ఒకేచోట కొట్టుకుని రేసులో (బాల్స్ తిరిగే గాడిలో) గుంటలు పడతాయి. దానికి తోడు ముందు టైరు వంకరగా అరిగింది, గాలి తక్కువ, వెనక పెట్టెలో బరువు ఎక్కువ. కొన్ని వందల రూపాయల కోన్‌సెట్ మార్చి, గాలి సరిచేసి, పెట్టెలోని బరువు సీటు దగ్గరికి జరుపుకొమ్మని చెప్పి పంపాను. వణుకు పోయింది. అదే అరిగిన కోన్‌సెట్ మీద డ్యాంపర్ పెట్టి ఉంటే వణుకు కనపడకుండా దాగేది, రేసులు మాత్రం లోపల ఇంకా తింటూనే ఉండేవి.

ఇక్కడే మెకానిక్ సోదరులకు ఒక మాట. వణుకుతోందని కోన్‌సెట్ నట్టును బలంకొద్దీ బిగించకండి. అతిగా బిగిసిన కోన్‌సెట్ అచ్చం రాపిడి డ్యాంపర్‌లా పనిచేస్తుంది. వణుకు ఆగినట్టే ఉంటుంది, రెండ్రోజులకు కస్టమర్ వచ్చి "ట్రాఫిక్‌ల బండి తాగినట్టు పోతున్నది" అంటాడు. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను నడిమి నుంచి వేలితో కాస్త తోస్తే దానంతట అదే పక్కకు వాలాలి, అయినా లాగితే ఆట ఉండకూడదు. నాకు తెలిసి కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టే పని ఇదే.

అపోహ: పెద్ద బండ్లకు కంపెనీయే ఇస్తుంది, కాబట్టి నా బండికీ కావాలి.

వాటికి ఎందుకిస్తారో చూడాలి. చురుగ్గా తిరగాలని సూపర్ బైకుల ఫోర్కును నిటారుగా పెడతారు. ఇంజిన్ బలానికి ముందు చక్రం తేలిపోతుంది, తేలిన చక్రం గతుకు మీద వంకరగా దిగితే హ్యాండిల్ ట్యాంకుకు కొట్టుకునేంత విదిలిస్తుంది. 1997లో వచ్చిన సుజుకి టీఎల్1000ఎస్‌కు ఈ జబ్బు ఎంత ముదిరిందంటే బ్రిటన్‌లో అమ్మిన బండ్లను వెనక్కి పిలిపించి కంపెనీయే డ్యాంపర్లు బిగించింది. మీ 150 సీసీ బండి ముందు చక్రం అంత సులువుగా లేవదు. పైగా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూ వీలర్లనే రానివ్వరు. కోఠి సందుల్లో ఆ డ్యాంపర్ దేన్ని అణచాలి?

తక్కువ స్పీడు ఇబ్బంది కంపెనీలకూ తెలుసు. అందుకే 2004 హోండా సీబీఆర్1000ఆర్ఆర్‌లో ఎలక్ట్రానిక్ డ్యాంపర్ పెట్టారు. బండి స్పీడునూ, ఎంత జోరుగా దూసుకుపోతోందనేదాన్నీ చూసి నూనె దారిని సన్నం చేస్తుంది. మెల్లగా పోతుంటే దారి తెరిచేస్తుంది, హ్యాండిల్ తేలిగ్గా ఉంటుంది. అది మీ బదులు హ్యాండిల్ తిప్పదు, లాక్ చెయ్యదు. అలా అనుకునేవాళ్లు కూడా నాకు తగిలారు.

అపోహ: 'యూనివర్సల్' అని రాసుంటే ఏ బండికైనా సరిపోతుంది.

మళ్లీ మన సెల్లార్ కుర్రాడి దగ్గరికొద్దాం. హ్యాండిల్‌ను కుడికి పూర్తిగా తిప్పితే ఫ్రేము మీది స్టాపర్‌కు తగిలి ఆగింది. బానే ఉంది. ఎడమకు తిప్పితే స్టాపర్ ఇంకా వేలెడు దూరం ఉండగానే ఆగింది. డ్యాంపర్ రాడ్డు అయిపోయింది! ర్యాంపు మలుపులో వాడు ఎప్పట్లాగే పూర్తి లాక్ వేశాడు (అంటే హ్యాండిల్‌ను చివరిదాకా తిప్పాడు), హ్యాండిల్ సగంలో ఆగింది, బండి అప్పటికే ఒరిగి ఉంది, కాలు కింద పెడితే ర్యాంపు వాలు. ఇంకేముంది.

బిగించే ముందు కొలుచుకోవాలి. క్లాంపులు మాత్రం పెట్టి, ఎడమ లాక్‌లో రెండు కొసల మధ్య దూరం, కుడి లాక్‌లో దూరం టేపుతో చూడండి. ఆ రెంటి తేడా కంటే డ్యాంపర్ స్ట్రోకు (రాడ్డు జరగగలిగే మొత్తం దూరం) ఎక్కువుండాలి. బిగించాక ఏ పక్క లాక్ వేసినా రాడ్డు ఇంకొన్ని మిల్లీమీటర్లు మిగలాలి. ఆపాల్సింది ఫ్రేము స్టాపర్, డ్యాంపర్ కాదు. తర్వాత క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం దానికి రాసుకుంటున్నాయేమో చూడాలి.

యూ టర్నులో బండి తూలుతోందని ఆ కుర్రాడు డ్యాంపర్ కొన్నాడట. దానికి హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మీద తేలికగా కాలు, చూపు పోవాల్సిన దిక్కుకు. ఖాళీ గ్రౌండులో రెండు ఆదివారాలు చాలు అన్నాను.

డ్యాంపర్ విప్పేసి, లివర్, అద్దం మార్చి పంపాను. దాన్ని పాత గుడ్డలో చుట్టి భద్రంగా సంచిలో పెట్టుకున్నాడు. ఆన్‌లైన్‌లో అమ్ముతాడట. బంగారు రంగుది, కొత్తదానిలాగే ఉంది. ఎవరికైనా కనపడితే, ఫోన్ చేసే ముందు టేపు తీసుకుని మీ బండి దగ్గరికెళ్లండి.