అర్ధరాత్రి ఫైలు ఎవరూ తెచ్చివ్వరు: డబ్బు గుట్టు రాసేవాడి గురించి అపోహలు – వాస్తవాలు

పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తుంటే తెలిసినవాళ్లు ఆపి అడిగే మాట ఒకటే: "ఈసారి ఎవరి గుట్టు రట్టు చేస్తున్నారండీ?" కంపెనీల లెక్కలు, భూముల గొడవల మీద పత్రికల్లో పాతికేళ్లుగా రాస్తున్నాను. వాటిలోంచే రెండు మూడు థ్రిల్లర్లు, కాస్త చరిత్ర పుట్టుకొచ్చాయి. ఈ పని గురించి జనం ఊహించుకునేవి మాత్రం నా నవలలకన్నా బాగుంటాయి. తరచుగా వినిపించేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నా.

అపోహ: లోపలి మనిషి ఎవరో అర్ధరాత్రి ఫైలు తెచ్చి చేతిలో పెడతాడు.

ఇన్నేళ్లలో నాకు అలా ఫైలు తెచ్చిచ్చినవాళ్లు ఇద్దరే. ఒకాయన బావమరిది మీద కోపంతో ఇచ్చాడు. మిగతాదంతా డబ్బు కట్టి తీసుకున్న కాగితమే. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కడితే ఒక కంపెనీ దాఖలు చేసిన పత్రాలు ఎవరైనా చూడొచ్చు. నేను బ్యాలెన్స్ షీటు జోలికి ముందే వెళ్లను. సీహెచ్‌జీ-1 అనే ఫారం వెతుకుతాను. కంపెనీ ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటే మామూలుగా 30 రోజుల్లో అది దాఖలు చెయ్యాలి. అప్పు ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, దేన్ని తాకట్టు పెట్టుకున్నారు, అన్నీ అందులో ఉంటాయి. జతచేసిన పత్రాల్లో ఎక్కడో వెనక పేజీలో భూమి షెడ్యూలు కనిపిస్తుంది. స్కాను వంకరగా ఉంటుంది, రబ్బరు స్టాంపు సరిగ్గా సర్వే నంబరు మీదే పడి ఉంటుంది. దాన్ని పెద్దది చేసి, కళ్లు చికిలించి, 3నో 8నో తేల్చుకోవాలి. అది తేలితే రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా) తీయించి, మీభూమి సైటులో అడంగల్, 1బి (భూమి ఎవరిది, సాగు ఎవరిది అని చెప్పే రికార్డులు) చూస్తాను. రిజిస్ట్రేషన్ కుదరదని ప్రభుత్వం పెట్టిన 22ఎ నిషేధిత జాబితాలో ఉన్న భూమి మీద బ్యాంకు అప్పెలా ఇచ్చింది అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. అలాంటి ఒక్క ప్రశ్న వెంట ఒకసారి ఎనిమిది నెలలు తిరిగాను. నవలలో దాన్ని ఒక రాత్రికి కుదించాను. పాఠకుడికి అడంగల్ చదివే ఓపిక ఎక్కడుంటుంది?

నిజంగా ఫైళ్లు బయటికొచ్చినప్పుడైనా పని తగ్గదు. 2016 ఏప్రిల్‌లో వెలుగు చూసిన పనామా పత్రాలు (విదేశాల్లో పెట్టిన కంపెనీల గుట్టు విప్పిన ఫైళ్లు) కోటీ పదిహేను లక్షలు. వాటిని 370 మందికి పైగా విలేకరులు దేశదేశాల్లో కూర్చుని నెలల తరబడి చదివారు.

అపోహ: పెద్ద మోసం పట్టుకోవాలంటే లెక్కల్లో మేధావి అయ్యుండాలి.

తెలుగువాళ్లకి సత్యం కంప్యూటర్స్ కన్నా దగ్గర ఉదాహరణ అక్కర్లేదు. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. లేని డబ్బు మీద రావాల్సిన వడ్డీ అని రాసుకున్న 376 కోట్లూ కల్పితమే. 2009 జనవరి 7న ఛైర్మన్ తనే ఉత్తరం రాసి చెప్పేదాకా ఈ లెక్క బయటపడలేదు. మా వృత్తి సిగ్గుపడాల్సిన కథ ఇది. దాన్ని పట్టుకోవడానికి మేధావి అక్కర్లేదు. కంపెనీ చూపించిన కాగితం పక్కన పెట్టి, బ్యాంకుకి నేరుగా ఉత్తరం రాసి, మీ దగ్గర వీళ్ల డబ్బెంతుందని అడిగి, జవాబు కూడా నేరుగా తెప్పించుకునేవాడు చాలు. పూర్ణా మార్కెట్‌లో సరుకు అరువిచ్చే షావుకారు కూడా ఇంతకన్నా జాగ్రత్తగానే ఉంటాడు.

అన్నట్టు, ఆఖరి నిమిషంలో ఆ గొయ్యి పూడ్చడానికి కొనబోయిన సొంతవాళ్ల రెండు కంపెనీల పేరూ మేటాసే. సత్యం ఇంగ్లిషు అక్షరాలు తిరగేస్తే వచ్చేదే. నవలలో నేనిలా రాస్తే మరీ సినిమాలా ఉందని ఎడిటరు కొట్టేస్తాడు.

అపోహ: విదేశీ కంపెనీ, షెల్ కంపెనీ (కాగితం మీద పేరుకే ఉండేది) అంటేనే దొంగ సొమ్ము.

ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూడండి. రేవులో బెర్తు కోసం లంగరేసుకున్న ఓడల్లో పనామా, లైబీరియా, మార్షల్ దీవుల్లో రిజిస్టరై ఆ దేశాల జెండాలు ఎగరేసేవి మామూలుగా ఉంటాయి. ఫోన్లో ఓడల యాప్ తెరిస్తే పేరుతో పాటు ఏడంకెల ఐఎంఒ నంబరు కనిపిస్తుంది. ఓడని అమ్మినా, పేరు మార్చినా, జెండా మార్చినా ఆ నంబరు మారదు. దాన్ని ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతికితే యజమాని ఎవరో, నడిపేదెవరో వేర్వేరుగా వస్తాయి. చాలాసార్లు ఆ యజమాని కంపెనీకి ఉన్న ఆస్తి ఆ ఒక్క ఓడే. ఇందులో నేరం లేదు. ఒక ఓడ మీద బాకీకి దావా పడితే అదే యజమాని మిగతా ఓడల్ని కూడా కోర్టు ఆపొచ్చు. అందుకని ఓడకో కంపెనీ పెడతారు. జీతాలందని నావికుడికి మాత్రం ఎవర్ని అడగాలో తెలియదు. నాకు ఆసక్తి కలిగేది అక్కడే. 2020 అక్టోబరులో వాయుగుండానికి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ ముందు ఊరంతా సెల్ఫీలు దిగింది. యజమాని ఎవరని నన్నడిగింది ఒక్క పల్లీల బండి కుర్రాడు: "ఇదెవుడిది బాబూ, ఇలా ఒగ్గేశాడేటి?"

బినామీ సంగతి వేరు. అది నేరం. 1988 నాటి చట్టాన్ని 2016లో సవరించి ఏడేళ్ల దాకా జైలు పెట్టారు. అయితే లెక్కకి దొరికే సొంత సంపాదనతో భార్య పేరున ఇల్లు కొంటే బినామీ కాదు. ఈ ఒక్క ముక్క చెప్పి నేను చాలా కాపురాల్లో కంగారు తీర్చాను.

అపోహ: ఆర్టీఐ పెడితే అంతా చెప్పేస్తారు.

10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. "ఎందుకిచ్చారు?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా ఫైలు నోట్ షీట్ల నకళ్లు ఇవ్వండి" అనాలి. ఏ సెక్షను కింద కుదరదన్నారో దాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది.

అపోహ: చరిత్రలో డబ్బు లెక్కలెందుకు, వీరగాథలు చాలు కదా.

పద్మనాభం ఇక్కడికి గంట ప్రయాణం. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు అక్కడ ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో చనిపోయారు. ఆ వీరం మీద నాకు గౌరవమే. కానీ గొడవకి మూలం పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయి. కట్టాల్సిందెంత, కట్టిందెంత అన్న ఉత్తర ప్రత్యుత్తరాలు సాగి సాగి, చివరికి నెల భత్యం తీసుకుని బందరు వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. 1682లో విశాఖలో వర్తకం కోసం కొట్టు తెరిచినవాళ్లు నూరేళ్లు తిరిగేసరికి రాజుకి బాకీ నోటీసు పంపే స్థితికి ఎలా వచ్చారు? నేను చదివిన థ్రిల్లర్లలో దీన్ని మించింది లేదు. కత్తి యుద్ధం అందులో ఆఖరి అధ్యాయం మాత్రమే.

అపోహ: నవలగా రాస్తే, పేర్లు మారిస్తే, కేసు పడదు.

పేరు మార్చినా చదివినవాడు మనిషిని గుర్తుపడితే పరువునష్టం పరువునష్టమే. క్రిమినల్ కేసులో నిజం అని నిరూపిస్తే సరిపోదు, అది చెప్పడం ప్రజల మేలుకేనని కూడా చూపించాలి. అందుకే అచ్చుకి ముందు అవతలివాళ్లకి ప్రశ్నలు రాసి, జవాబివ్వడానికి గడువిస్తాను. దీన్ని మర్యాద అనుకుంటారు గానీ నా ప్రాణం కాపాడింది ఇదే.

మన వైపు అప్పలరాజులు, నూకరాజులు, సత్యనారాయణలు వీధికి పదిమంది. ఇంగ్లిషులో రాస్తే ఒక్కో పేరు నాలుగు రకాలు. ఒకసారి కంపెనీ డైరెక్టరు పేరు, ఈసీలో భూమి కొన్నవాడి పేరు, ఇంటిపేరుతో సహా కలిశాయి. డైరెక్టరుకి డిన్ అనే ఎనిమిదంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, దస్తావేజులో తండ్రి పేరు ఉంటుంది. రెండూ సరిచూసుకోవాలి. నేను చూడలేదు, తొందరపడ్డాను. కథ రాసేసి, ప్రశ్నలు మాత్రం అలవాటు కొద్దీ స్వయంగా ఇద్దామని గాజువాక వెళ్లాను. తలుపు తీసినాయన రిటైరైన ఫిట్టరు. వచ్చిన డబ్బుతో 150 గజాలు కొనుక్కున్నాడు. నా కాగితం రెండుసార్లు చదివి, "డైరెక్టరా? మా అపార్ట్‌మెంట్ కమిటీలోనే ఉండలేక మానేశాను నాయనా" అని కుర్చీ వేశాడు. వాళ్లావిడ ఇచ్చిన టీ తాగుతూనే డెస్కుకి ఫోన్ చేసి ఐటం ఆపించాను. మర్నాడు ఆ జాగాలో రొయ్యల ధరలు వేశారు.