ఇంటి గడప దగ్గర ఆగిన చట్టాలు: ముస్లిం సమాజాల్లో, లౌకిక రాజ్యాల్లో స్త్రీల హక్కులు

1926లో టర్కీ పార్లమెంటు స్విట్జర్లాండ్ పౌరస్మృతిని కొద్దిపాటి మార్పులతో తెచ్చుకుని తన చట్టంగా ఆమోదించింది. బహుభార్యాత్వం చెల్లకుండా పోయింది, విడాకులు కోర్టు తీర్పుతో తప్ప రావన్న నియమం వచ్చింది, ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా దక్కింది. 1934 నాటికి ఆ దేశ స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు కూడా లభించాయి. చట్టాన్ని అరువిచ్చిన స్విట్జర్లాండ్‌లో మాత్రం స్త్రీలు జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు కోసం 1971 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఆపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో (అక్కడి రాష్ట్రంలో) స్థానిక వ్యవహారాల్లో ఓటు హక్కు 1990లో ఫెడరల్ కోర్టు ఆదేశిస్తే గాని రాలేదు.

ఇదే స్మృతితో పాటు టర్కీకి మరొకటి కూడా చేరింది. కుటుంబానికి పెద్ద భర్త అనీ, భార్య ఇంటి బయట ఉద్యోగమో వృత్తో చేయాలంటే అతని సమ్మతి ఉండాలనీ అందులో రాసి ఉంది. ఆ సమ్మతి నిబంధన, అంటే 159వ అధికరణం, స్విస్ చట్టసభలో పుట్టినదే తప్ప ఏ మతగ్రంథంలోనూ పుట్టినది కాదు. స్విట్జర్లాండ్ తన వివాహ చట్టాన్ని 1988 నుంచి మార్చుకోగా, టర్కీ రాజ్యాంగ న్యాయస్థానం ఈ నిబంధనను 1990లో కొట్టివేసింది. భర్తే కుటుంబ పెద్ద అన్న మాట తొలగిపోయింది 2002లో కొత్త పౌరస్మృతి అమల్లోకి వచ్చాకే.

ముస్లిం సమాజాలను లౌకిక సమాజాలతో పోల్చేటప్పుడు ఒకరి గ్రంథాన్ని మరొకరి ఆచరణ పక్కన పెట్టి తీర్పు చెప్పడం మామూలైపోయింది. పోల్చవలసింది కుటుంబ చట్టాన్ని అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పెళ్ళి, విడాకులు, పిల్లల సంరక్షణ, వారసత్వం అనే ఈ నాలుగింటినీ ఎప్పుడు ఎవరి చేతిలో ఉంచారన్నదాన్ని బట్టే రెండు చోట్లా స్త్రీల స్థితి నిర్ణయమైంది.

ఖురాన్‌లోని నిసా అధ్యాయం కూతురికి, భార్యకు, తల్లికి ఆస్తిలో నిర్దిష్టమైన వాటాలు చెప్పింది. కూతురి వాటా కొడుకు వాటాలో సగం. పెళ్ళికి వరుడు ఇచ్చే మెహర్ పెళ్ళికూతురి సొత్తే గాని ఆమె తండ్రిది కాదు, పెళ్ళి తర్వాత కూడా భార్య ఆస్తి భార్యదే. 17వ శతాబ్దపు అనటోలియాలో (నేటి టర్కీలో), ఉదాహరణకు కైసెరి పట్టణంలో, ఖాజీ కోర్టు (షరియత్ న్యాయమూర్తి కోర్టు) దస్తావేజులు తిరగేస్తే స్త్రీలు ఇళ్ళు అమ్మడం, వాటాల కోసం సొంత అన్నదమ్ముల మీద దావా వేయడం కనిపిస్తుంది. 1717లో ఒట్టోమన్ రాజ్యంలో ఉన్న బ్రిటిష్ రాయబారి భార్య మేరీ వార్ట్లీ మాంటేగ్, అక్కడి ధనిక స్త్రీల డబ్బు వారి చేతిలోనే ఉంటుందనీ, విడాకులైతే దాన్ని వెంట తీసుకుపోతారనీ ఒకింత అసూయతోనే ఇంటికి రాసింది. ఆమె స్వదేశమైన ఇంగ్లండ్‌లో అప్పటి సాధారణ న్యాయం ప్రకారం పెళ్ళి కాగానే భార్య నగదు, నగలు భర్తపరం అయ్యేవి. ఆ పద్ధతికి 1870, 1882 చట్టాలతో గాని తెరపడలేదు. 1804 నాటి నెపోలియన్ స్మృతి, భార్య భర్తకు విధేయురాలై ఉండాలని సూటిగానే శాసించింది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేసే హక్కు, సొంత పేరున బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రెంచి స్త్రీకి 1965లో వచ్చాయి.

అలాగని ఖాజీ కోర్టు స్త్రీకి స్వర్గమేమీ కాదు. భర్త నోటిమాటతో తలాక్ చెప్పగలిగితే, భార్య ఖులా, అంటే తనవైపు నుంచి విడాకులు, కోరాలంటే మెహర్ వదులుకుని భర్తను ఒప్పించుకోవలసి వచ్చేది. నలుగురు భార్యల వరకు అనుమతి ఉండేది. వాటా ఉన్నా, అన్నదమ్ములతో సంబంధం చెడుతుందని చెల్లెళ్ళు భూమి వదిలేసుకున్న ఊళ్ళకు లెక్కలేదు.

అసలు మలుపు 19వ శతాబ్దంలో వచ్చింది. ముస్లిం రాజ్యాలు వ్యాపార చట్టాన్ని, శిక్షాస్మృతిని, భూమి చట్టాన్ని ఐరోపా నమూనాలో తిరగరాసుకుని, ఇంటి గడప దగ్గర ఆగిపోయాయి. ఈజిప్టు 1883లో ఫ్రెంచి తరహా స్మృతులతో జాతీయ కోర్టులు పెట్టింది గాని కుటుంబ వ్యవహారాలను షరియత్ కోర్టులకే ఉంచింది. మిగతా అధికారమంతా చేజారిన మతపెద్దలకు కుటుంబం చివరి కోట అయింది. పరాయి పాలన కింద ఉన్న ప్రజలకూ అది తమ ఉనికికి గుర్తుగా మారింది. ఆ పాలకుల చిత్తశుద్ధిని కూడా చూడాలి. ఈజిప్టును శాసించిన లార్డ్ క్రోమర్ ముసుగునూ పరదానూ ఇస్లాం వెనుకబాటుకు సాక్ష్యంగా చూపి, స్వదేశం చేరాక బ్రిటిష్ స్త్రీలకు ఓటు హక్కు వద్దని పోరాడే సంఘానికే నాయకత్వం వహించాడు.

అరువు తెచ్చుకున్న శిక్షాస్మృతులు కూడా నిర్దోషమైనవి కావు. వ్యభిచారం చేస్తూ దొరికిన భార్యను చంపిన భర్తకు శిక్ష తగ్గించే నిబంధన 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతిలో ఉండేది. అలాంటివే అరబ్బు దేశాల స్మృతుల్లోకి పాకాయి. వాటిని షరియత్ అనుకునేవారు నేటికీ ఉన్నారు. ఫ్రాన్స్ దాన్ని 1975లో రద్దు చేసుకుంది. అత్యాచారం చేసినవాడు బాధితురాలిని పెళ్ళాడితే శిక్ష తప్పించే నిబంధన ఇటలీలో 1981 దాకా బతికింది. మొరాకో 2014లో, జోర్డాన్, లెబనాన్ 2017లో అలాంటి వాటిని తొలగించాయి.

20వ శతాబ్దపు సంస్కరణలు రెండు దారులు పట్టాయి. ఒకటి బలవంతపు దారి. 1927లో సోవియట్ అధికారులు ఉజ్బెకిస్తాన్‌లో ముసుగులు తీయించి బహిరంగంగా తగలబెట్టించారు. తీసిన స్త్రీలలో చాలామంది సొంత బంధువుల చేతుల్లోనే హత్యకు గురయ్యారు. 1936లో ఇరాన్ షా ముసుగును నిషేధించగా పోలీసులు వీధుల్లో స్త్రీల తలమీది గుడ్డ లాగేశారు. అదే ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత తల కప్పుకోకపోవడం నేరమైంది. 2022లో, తల సరిగా కప్పుకోలేదని పోలీసులు పట్టుకుపోయిన యువతి మహ్సా అమీని మరణం తర్వాత చెలరేగిన నిరసనలు ఆ నిబంధన మీదనే. టర్కీ కూడా 1999లో తలగుడ్డతో వచ్చిన మెర్వే కవక్చీని ఎంపీగా ప్రమాణం చేయనివ్వలేదు. అఫ్గానిస్తాన్ మాత్రం ఈ లెక్కలన్నిటికీ బయట ఉంది. ఆడపిల్లలకు హైస్కూలు, యూనివర్సిటీ మూసేసిన పాలన 2021 నుంచి అక్కడ సాగుతోంది. అది సంప్రదాయమని చెప్పడం ఇతర ముస్లిం దేశాల చరిత్రను మరిచిపోవడమే.

రెండో దారి, గ్రంథాన్నే తిరిగి చదవడం. 1956 ఆగస్టు 13న ట్యునీసియా బహుభార్యాత్వాన్ని నిషేధించి, విడాకులను కోర్టుకు అప్పగించింది. భార్యలందరినీ సమానంగా చూడలేకపోతే ఒక్కరితోనే ఉండమని ఖురాన్ చెబుతుందనీ, అలా చూడటం మనిషికి సాధ్యం కాదని అదే గ్రంథం మరోచోట అంటుందనీ అప్పటి ప్రధానమంత్రి బూర్గిబా పక్షం వాదించింది. భర్త ఒప్పుకోకపోయినా భార్య మెహర్ వదులుకుని కోర్టు ద్వారా ఖులా పొందేందుకు ఈజిప్టు 2000లో చేసిన చట్టానికీ, వివాహ వయసును 18కి పెంచిన 2004 నాటి మొరాకో సంస్కరణకూ మతగ్రంథాల ఆధారాలే చూపారు.

అయినా ట్యునీసియా కూడా ఒకచోట ఆగింది. కూతురికి కొడుకు వాటాలో సగమన్న నియమాన్ని 1956 స్మృతి ముట్టుకోలేదు. సమాన వాటా ఇచ్చే బిల్లును 2018 నవంబరులో మంత్రివర్గం ఆమోదించి పార్లమెంటుకు పంపింది. మరుసటి సంవత్సరం జూలైలో దాన్ని ప్రతిపాదించిన అధ్యక్షుడు ఎస్సెబ్సీ మరణించాడు, బిల్లు చట్టం కాలేదు. అక్కడ ఆడపిల్లలకు సమానంగా ఇవ్వదలచిన తండ్రులు నేటికీ బతికుండగానే ఇల్లో పొలమో కూతుళ్ళ పేర రాసిచ్చేస్తారు.