పిల్లి తినకుండా పడుకుంటే కోలుకుంటున్నట్టేనా? గాయపడిన పిల్లికి ఇంట్లో సేవ: అపోహలు, వాస్తవాలు

"కుట్లు బాగానే ఉన్నాయి డాక్టర్ గారూ. చీము లేదు, వాపు కూడా తగ్గింది. ఏమీ తినడం లేదు గానీ, విశ్రాంతి తీసుకుంటోందని కదపకుండా వదిలేశాం." ఆపరేషన్ చేసి ఇంటికి పంపిన పిల్లుల గురించి నాకు వచ్చే ఫోన్లలో తరచుగా వినిపించే మాటలివి. ఎప్పటి నుంచి తినడం లేదని అడిగితే అటువైపు లెక్క మొదలవుతుంది. నిన్నటి నుంచి, కాదు మొన్నటి నుంచి, అంతకు ముందు రోజు కూడా సరిగా తినలేదు. ఆ లెక్క సాగేకొద్దీ నాకు గాయం సంగతి వెనక్కి పోయి కాలేయం మీద భయం పట్టుకుంటుంది.

అపోహ: గాయపడిన జంతువు తిండి మానేసి తనను తానే బాగు చేసుకుంటుంది. ఆకలేస్తే అదే తింటుంది.

ఈ ఒక్క నమ్మకం వల్ల బతకాల్సిన పిల్లులు ఎన్నో చనిపోతున్నాయి. కారు కింద పడి బతికినవి, విరిగిన ఎముకకు ప్లేటు వేయించుకుని లేచి నిలబడినవి కూడా తర్వాతి వారంలో తిండి లేక ప్రాణం మీదికి తెచ్చుకోవడం చూశాను. గాయం అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ దాన్నే కనిపెట్టుకుని ఉంటారు. ఖాళీ కడుపును ఎవరూ పట్టించుకోరు.

పిల్లి పూర్తిగా మాంసాహారి. తిండి అందకపోయినా దాని కాలేయం మాంసకృత్తులను ఖర్చు చేయడం పెద్దగా తగ్గించదు, అందువల్ల కండ కరుగుతుంది. అదే సమయంలో ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఆ వేగంతో వాడుకోవడం గానీ బయటికి పంపడం గానీ పిల్లి కాలేయం వల్ల కాదు. ఆ కొవ్వు కాలేయ కణాల్లోనే పేరుకుపోతుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటాం. కాలేయం దెబ్బతిన్నాక వికారం మొదలవుతుంది. వికారం వల్ల పిల్లి అసలే తినదు, తినకపోవడం వల్ల కాలేయం మరింత చెడుతుంది. కొన్ని పిల్లుల్లో మూడు నాలుగు రోజుల పస్తుతోనే ఇది మొదలవుతుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ప్రమాదం ఇంకా ఎక్కువ. "ఒంట్లో కొవ్వు ఉంది కదా, నాలుగు రోజులు తినకపోతే ఏమవుతుంది" అనేవారికి నా జవాబు ఒకటే: ముప్పు తెచ్చేది ఆ కొవ్వే.

చెవి లోపలి చర్మం, చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు పసుపు పచ్చగా మారితే కామెర్లు వచ్చినట్టు. అప్పటిదాకా ఆగకండి. పెద్ద పిల్లి ఒక పూర్తి రోజు ఏమీ తినకపోతే మీ పశువైద్యుడికి ఫోన్ చేయండి. పిల్లి కూనలైతే అంతసేపు కూడా ఆగకూడదు. "కొంచెం తింటోంది" అన్న మాట కూడా నాకు చాలదు. గిన్నె అంచు నాకడం, రెండు పలుకులు కొరకడం భోజనం కావు. నాలుగు కిలోల పిల్లికి కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 200 కిలో కేలరీలు కావాలి. కొన్న ఆహారమైతే చాలా ప్యాకెట్ల మీద కేలరీల లెక్క ఉంటుంది. పెట్టినది తూచండి, మిగిలినది తూచండి, రాసిపెట్టండి. పిల్లి బరువు కూడా రోజూ ఒకే వేళకు చూడండి. ఆ కాగితం పట్టుకుని వచ్చే యజమానిని చూస్తే నాకు సగం భారం తగ్గుతుంది.

ఇక ఎందుకు తినడం లేదో చూడాలి. పెద్ద కారణం నొప్పి. తర్వాతది మందుల వల్ల వచ్చే వికారం. తిండి చూడగానే పెదాలు నాక్కుంటూ, చొంగ కారుస్తూ మొహం తిప్పుకుంటే అది వికారమే. రెంటికీ మందులున్నాయి, ఆకలి పుట్టించే మందులూ ఉన్నాయి. డాక్టరుకు చెబితేనే కదా రాసిచ్చేది. కొన్ని కారణాలు మరీ చిన్నవి. గాయం నాకకుండా మెడకు వేసిన గరాటులాంటి కాలర్ అంచు గిన్నెకు తగిలి మూతి లోపలికి చేరదు. గిన్నె బదులు పల్చటి పళ్లెం పెడితే తినే పిల్లులు చాలా ఉన్నాయి. ముక్కు మూసుకుపోతే వాసన అందదు, వాసన అందని తిండిని పిల్లి ముట్టదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో ముక్కు తుడవండి. ఆహారాన్ని ఒంటి వేడికి వచ్చేదాకా వెచ్చబెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాలు చూసి తీసేయండి, తర్వాత మళ్లీ తాజాగా పెట్టండి. పొద్దున పెట్టినది సాయంత్రం దాకా ముక్కు ముందే ఉంటే దానికి ఆ తిండి మీదే విరక్తి పుడుతుంది. మలమూత్రాల ట్రే పక్కన అసలు పెట్టకండి.

నోరు తెరిచి బలవంతంగా పోయడం మాత్రం వద్దు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అలా జరగకపోయినా, భయంతో మింగించిన ఆహారాన్ని పిల్లి తర్వాత వాసన కూడా చూడదు.

ఈ మాట చెప్పగానే "మరి గొట్టం వేస్తారా?" అని గొంతు వణుకుతుంది. గొట్టం అంటే ఆఖరి దశ అని చాలామంది భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా అది నిజం కాదు. మెడ పక్కనుంచి ఆహార నాళంలోకి వేసే గొట్టంతో పిల్లి ఇంటికి వెళ్లవచ్చు, ఒళ్లో పడుకోవచ్చు, గొట్టం ఉండగానే నోటితో కూడా తినవచ్చు. ఎత్తు నుంచి పడి దవడ విరిగిన ఒక పిల్లి యజమాని, వయసు పైబడిన మనిషి, ఆ గొట్టాన్ని చూసి మొదటి రోజు మా గదిలో కూర్చోలేక బయటికి వెళ్లిపోయారు. వారం తిరిగేసరికి ఆయనే సిరంజిలో ఆహారం నింపి, గోరువెచ్చగా ఉందో లేదో చూసుకుని, నెమ్మదిగా ఎక్కించి, చివర్లో నీళ్లతో గొట్టం కడిగేవారు. ఆ సమయానికి పిల్లి తనంతట తానే వచ్చి ఆయన ఒళ్లో ఎక్కేదట. పిల్లి సొంతంగా తినసాగాక గొట్టం తీసేశాం. ఆ రంధ్రానికి కుట్లు కూడా అక్కర్లేదు, అదే మూసుకుపోతుంది. హెపాటిక్ లిపిడోసిస్ వచ్చిన పిల్లులు సైతం, త్వరగా గొట్టం ద్వారా సరిపడా ఆహారం అందితే చాలావరకు కోలుకుంటాయి. చాలా రోజులు పస్తున్న పిల్లికి మొదటి రోజే పూర్తి మోతాదు ఎక్కించకూడదు. మూడో వంతుతోనో, అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టి పెంచుతాం. ఆ లెక్క డాక్టరే వేయాలి.

అపోహ: నొప్పి తగ్గడానికి మనం వాడే మాత్రలో చిన్న ముక్క వేస్తే చాలు.

పారాసిటమాల్ ముక్క కూడా వేయకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. 500 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర పెద్ద పిల్లినైనా చంపగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగులోకో నీలంలోకో మారుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేసిన సంగతి దాచకండి, ఎవరూ తిట్టరు. ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. ఇబుప్రోఫెన్ కూడా వద్దు. డాక్టర్ రాసిన మెలోక్సికామ్ అనే నొప్పి మందు విషయంలో కూడా ఒక మాట: పిల్లి తినక, నీళ్లు తాగక ఉంటే అది మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. తర్వాతి మోతాదు వేసేముందు ఫోన్ చేయండి.

అపోహ: గుర్రుగుర్రుమంటోంది కాబట్టి నొప్పి లేదు.

నొప్పిలోనూ, భయంలోనూ పిల్లి అలా అంటుంది. మొహం చూడండి. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి మొహంలో నొప్పిని కొలిచే పద్ధతిని ప్రచురించారు. చెవులు పక్కలకు తిరగడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కిందికి వాలడం, ఈ ఐదే అందులో చూసేవి.

అపోహ: నాకితే గాయం మానుతుంది.

మానదు. పిల్లి నాలుక ఆకురాయిలా గరుకు, కుట్లు ఊడదీస్తుంది. నోట్లోని సూక్ష్మజీవులు గాయంలో చేరతాయి. కాలర్‌తో అది పడే ఇబ్బంది చూడలేక తీసేసేవారిని నేను తప్పుపట్టను, కానీ కుట్లు విప్పేదాకా, సాధారణంగా 10 నుంచి 14 రోజులు, ఉంచాల్సిందే. ఎదురుగా కూర్చుని తినిపించేటప్పుడు తీయవచ్చు.

అపోహ: ఘాటైన మందుతో కడిగితే గాయం శుభ్రమవుతుంది.

నీళ్లలో పోస్తే తెల్లగా మారే ఫినాలిక్ ద్రావణాలు పిల్లికి విషం, నాకితే మరీ ప్రమాదం. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా పుడుతున్న కణజాలాన్ని కాల్చేస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి వాడండి, చాలు.

అపోహ: నడుస్తోంది కదా, ఇక బోను ఎందుకు?

కటి ఎముక విరిగిన పిల్లి రెండో వారానికే చక్కగా నడుస్తుంది, ఎముక మాత్రం అతుక్కుని ఉండదు. తరచుగా నాలుగు నుంచి ఆరు వారాలు బోనులో ఉంచమంటాం. ఎప్పుడు తెరవాలో ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పాలి. బోను నిలబడి తిరగడానికి, ట్రేకు, పళ్లేనికి సరిపోయేంత ఉండాలి, ఎక్కి దూకడానికి అందులో ఏమీ ఉండకూడదు. నడుముకో తోకకో దెబ్బ తగిలిన పిల్లికి మూత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ట్రేలో మూత్రానికి తడిసిన ఇసుక గడ్డలు రోజూ లెక్కపెట్టండి. కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే, లేదా ఒక రోజంతా మూత్రం పోయకపోతే, అది అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి బయలుదేరండి.