సర్పగంధ చెంచాలతో కొలిచే మందు కాదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాము కాటుకు సర్పగంధ అనే మూలిక వేరు విరుగుడు.

వాస్తవం: కాదు. పాతకాలం నుంచి ఆ వాడుక ఉన్నమాట నిజమే. అయినా ఆయుర్వేద వైద్యుడిగానే చెబుతున్నాను, పాము కరిస్తే వేరు నూరుతూ కూర్చోకండి. యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్) ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

అపోహ: మూలికే కదా, బీపీకి రోజూ చెంచాడు పొడి వేసుకుంటే నష్టమేముంది?

వాస్తవం: నన్ను బాగా భయపెట్టే మాట ఇదే. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుమ్ జల్ వకీల్ రక్తపోటు రోగుల మీద ఈ వేరు గుణాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. 1952లో అందులోంచి బీపీ తగ్గించే పదార్థం రిసర్పిన్‌ను విడదీశారు. దాని మాత్ర ఒక్కోటి పావు మిల్లీగ్రామే. వేరులో రిసర్పిన్ 0.1 శాతం ఉందనుకున్నా, 3 గ్రాముల పొడిలో 12 మాత్రల మందు ఉన్నట్టు!

నరాల కొసల్లో నోరడ్రినలిన్, సెరటోనిన్, డోపమిన్ అనే సంకేత రసాయనాలు చిన్న చిన్న తిత్తుల్లో నిలవ ఉంటాయి. రిసర్పిన్ ఆ తిత్తులను నిండనివ్వదు. నిలవ తరిగేకొద్దీ రక్తనాళాలు సడలి, గుండె నెమ్మదించి బీపీ దిగుతుంది. మెదడులోనూ అదే నిలవ తరుగుతుంది కాబట్టి కొందరికి తీవ్రమైన దిగులు పట్టుకుంటుంది. అందుకే డిప్రెషన్, పార్కిన్సన్స్, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకూ గర్భిణులకూ నేను దీన్ని ఇవ్వను.

అపోహ: వారమైనా గుణం కనిపించలేదంటే మోతాదు పెంచాలి.

వాస్తవం: పూర్తి గుణం కనిపించడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా పెంచుకుంటూ పోతే అదంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

ఒకాయన ముక్కు దిబ్బడ అంటూ వచ్చారు. జలుబు లేదు, ఒక్క తుమ్మూ లేదు. నాడి చూస్తే నిమిషానికి 50. బీపీకి ఏమైనా వాడుతున్నారా అని అడిగితే జేబులోంచి కాగితం పొట్లం తీశారు. లేత పసుపు పొడి, నాలుక కొసకి తాకిస్తే గట్టి చేదు. మొదటి వారం ఫలితం లేదని చెంచాడును రెండు చేశారట. ముక్కు దిబ్బడ, నెమ్మదించిన నాడి, రెండూ ఈ మందు లక్షణాలే. పొడి మాన్పించి, రోజూ బీపీ చూపించుకోమన్నాను. ఆపాక కూడా దీని ప్రభావం చాలా రోజులు వదలదు. ఆయన ముక్కు తెరుచుకోవడానికి రెండు వారాలు పట్టింది.