చెయ్యి వదిలిన తర్వాత బంతి

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఒకేసారి ఎన్ని మ్యాచ్‌లు నడుస్తాయో లెక్కపెట్టడం కష్టం. ఒకరి బౌండరీ ఉన్నచోటే ఇంకొకరి పిచ్ ఉంటుంది. నేను ఆ గట్టున కూర్చునేది బ్యాటింగ్ కోసం కాదు, ఫీల్డర్ల త్రో కోసం. దూరంగా బంతి అందుకున్న కుర్రాడు ఒక్క అడుగు వేసి విసురుతాడు. బంతి అరవై మీటర్లు గాల్లో వచ్చి కీపర్ గ్లవ్స్‌లో పడుతుంది. ఆ కుర్రాడు ఏ కోణమూ కొలవలేదు, ఏ సూత్రమూ వాడలేదు. ఆ రెండు సెకన్లలో జరిగేదాన్నే మన పాఠ్యపుస్తకాలు ప్రక్షేపక చలనం అంటాయి.

ఇంటర్ పిల్లలకు నేను చెప్పే పాఠాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. విసిరిన వస్తువు ఎంత దూరాన పడుతుందో చెప్పే వ్యాప్తి సూత్రం వాళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అందుకే సూత్రం అడగను. "బంతి అన్నిటికంటే పైకి చేరినప్పుడు దాని మీద ఎంత బలం పనిచేస్తోంది?" అని అడుగుతాను. సగం క్లాసు "సున్నా సార్" అంటుంది. ఎందుకని అడిగితే, "అక్కడ ఆగిపోతది కదా సార్" అంటారు.

ఈ తప్పు జవాబంటే నాకు గౌరవం. దాదాపు రెండు వేల ఏళ్లు పెద్ద పెద్ద పండితులు కూడా ఇలాగే ఆలోచించారు. కదిలే వస్తువును ఏదో ఒకటి తోస్తూనే ఉండాలని అరిస్టాటిల్ చెప్పాడు. తర్వాతివాళ్లు, విసిరినవాడి బలం వస్తువులో కొంత నిలవ ఉండి మెల్లగా ఖర్చయిపోతుందన్నారు. పాత ఫిరంగి పుస్తకాల బొమ్మల్లో గుండు తిన్నగా వెళ్లి, కాస్త వంగి, నిలువుగా కింద పడుతుంది. నిలవ ఉన్న బలం అయిపోయిందన్నమాట.

నిజానికి చెయ్యి బంతికి ఇచ్చి పంపేది వేగాన్ని, బలాన్ని కాదు. వేళ్ల నుంచి విడిపోయాక చేతికీ బంతికీ సంబంధం తెగిపోతుంది. గాలి సంగతి కాసేపు పక్కన పెడితే, ఆ తర్వాత బంతి మీద ఉండేది భూమి లాగుడు ఒక్కటే. పైకి వెళ్తున్నా, శిఖరాన ఉన్నా, కిందికి దిగుతున్నా అది అంతే ఉంటుంది, ఎప్పుడూ కిందికే ఉంటుంది. శిఖరం దగ్గర నిలువు వేగం మాత్రమే ఒక్క క్షణం సున్నా అవుతుంది, అడ్డంగా వెళ్లే వేగం అలాగే ఉంటుంది. అక్కడ బలం కూడా నిజంగా సున్నా అయిపోతే బంతి మళ్లీ వంగదు, గ్రౌండ్ దాటి అడ్డంగా అలాగే వెళ్లిపోతుంది.

అడ్డం వేగం, నిలువు వేగం దేని దారి దానిదే. ఇది వినడానికి తేలిక, నమ్మడానికి కష్టం. రెండు రూపాయి నాణేలు తీసుకోండి. టేబుల్ అంచు నుంచి ఒకదాన్ని వేలితో గట్టిగా చిమ్మండి, అదే క్షణంలో రెండోదాన్ని ఊరికే జారవిడవండి. ఒకటి గది అవతల పడుతుంది, ఇంకొకటి కాళ్ల దగ్గర. కానీ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. 75 సెంటీమీటర్ల టేబుల్ అయితే రెండింటికీ దాదాపు 0.4 సెకను పడుతుంది. ఎంత గట్టిగా చిమ్మినా కింద పడే సమయం మారదు.

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రోలో కూర్చుని తాళంచెవిని అర మీటరు ఎత్తుకు ఎగరేసినా ఇదే కనిపిస్తుంది. రైలు గంటకు 60 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతుంటే, తాళంచెవి గాల్లో ఉన్న 0.64 సెకనులో మీరు పదిన్నర మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. అయినా అది మీ చేతిలోనే పడుతుంది. ఎందుకంటే రైలు వేగం దానికీ ఉంది.

ఈ ముడి విప్పినవాడు గెలీలియో. వాలుగా పెట్టిన గాడిలో లోహపు గుండ్లు దొర్లించి, బల్ల అంచు దాటాక అవి ఎంత దూరాన పడ్డాయో కొలిచాడు. 1608 నాటి ఆ కొలతల కాగితం ఇప్పటికీ ఉంది. గాల్లో అవి పోయే దారి పరావలయం, అంటే శిఖరానికి రెండు వైపులా ఒకేలా వంగే గీత, అని 1638లో అచ్చువేయించాడు.

మన ఫీల్డర్ దగ్గరికి వద్దాం. అతను సెకనుకు 30 మీటర్ల వేగంతో, 20 డిగ్రీలకు కాస్త పైన విసిరాడనుకోండి. భూమి లాగకపోతే బంతి ఏటవాలు గీత మీద పోతూ ఒక సెకనుకు 10.4 మీటర్ల ఎత్తుకు చేరేది. కానీ ఒక సెకనులో ఏ వస్తువైనా 4.9 మీటర్లు పడుతుంది కాబట్టి అది 5.5 మీటర్ల దగ్గరే ఉంటుంది. 2.13 సెకన్లకు ఆ గీత 22.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది, బంతి ఆ గీతకు సరిగ్గా 22.2 మీటర్లు కింద ఉంటుంది. అంటే కీపర్ దగ్గర. బంతి పడడం శిఖరం తర్వాత మొదలవదు. చెయ్యి వదిలిన క్షణం నుంచే అది ఆ గీత కింద పడుతూ ఉంది. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే మిగతా సూత్రాలు వాటంతటవే వస్తాయి.

అదే వేగంతో 70 డిగ్రీల దగ్గర విసిరినా బంతి అదే కీపర్ దగ్గర పడుతుంది. కాకపోతే 40 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగడానికి ఆరు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. ఈలోగా బ్యాటర్ రెండు పరుగులు తీస్తాడు. అన్నిటికంటే దూరం పోయేది 45 డిగ్రీల దగ్గర. ఇటలీ గణితవేత్త టార్టాలియా ఈ మాట 1537లోనే ఫిరంగుల గురించి చెప్పాడు. కానీ ఫీల్డర్‌కు కావాల్సింది దూరం కాదు, సమయం. షాట్‌పుట్ వేసేవాళ్లు కూడా 40 డిగ్రీలకు లోపే వదులుతారు. గుండు భుజం ఎత్తు నుంచి బయల్దేరుతుంది, పైగా నిటారుగా తోసేకొద్దీ మన ఒళ్లు దానికి ఇవ్వగలిగే వేగం తగ్గుతుంది.

ఇప్పుడు పక్కన పెట్టిన గాలి. అది చిన్న విషయమేమీ కాదు. సెకనుకు 30 మీటర్ల వేగంతో వెళ్లే క్రికెట్ బంతిని గాలి ఆపే బలం ఆ బంతి బరువులో సగానికి పైనే. అందుకే నిజమైన బంతి దారి సరైన పరావలయం కాదు, ఎక్కినదానికంటే నిటారుగా దిగుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి, వేడి ఒకేలా ఉంటే, ఇక్కడి గాలి విశాఖ గాలి కంటే 5, 6 శాతం పల్చన. అదే దెబ్బకు బంతి ఉప్పల్‌లో కాస్త ఎక్కువ దూరమే పోవాలి.

పోయిన ఏడాది పిల్లలు టెన్నిస్ బంతిని అడ్డంగా విసిరి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశారు. పదో వంతు సెకనుకు ఒక చుక్క చొప్పున గ్రాఫ్ కాగితం మీద పెట్టారు. కిందికి 5 సెంటీమీటర్లు, తర్వాత 15, తర్వాత 25, తర్వాత 35 చొప్పున దిగాయి. అడ్డంగా ఖాళీలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. తర్వాత పల్చటి ప్లాస్టిక్ బంతితో చేస్తే చివరి ఖాళీలు కంటికి తెలిసేంతగా చిన్నవయ్యాయి. కొలతలో తప్పు పోయిందని మూడుసార్లు తీశారు. మూడుసార్లూ అంతే. అప్పుడు వాళ్లలో ఒకడు రెండు బంతులూ చెరో చేతిలో పట్టుకుని బరువు చూశాడు. "గాలి ఆపుతున్నది సార్" అన్నాడు.