ఆయాసం, షుగర్, పొట్ట: కొన్ని అపోహలు

ట్రెడ్‌మిల్ మీద నడిపించి, మనిషి శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలవడం నా పని. పరీక్ష కాగానే చాలామంది ముందు అడిగేది బరువు సంగతే.

అపోహ: రెండు నెలలు నడిచినా బరువు తగ్గలేదంటే ఆ నడక దండగ.

వాస్తవం: ఇలా అనుకునే చాలామంది నడక మానేస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని గ్లూకోజును లాక్కోగలదు. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. కండరాల్లోని సన్నటి రక్తనాళాల్లో కొవ్వును విడగొట్టే ఎంజైము చురుకవుతుంది, దాంతో రక్తంలో తిరిగే కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు బరువు మారకుండానే కొంత కరగవచ్చు. చర్మం కింది కొవ్వు కన్నా షుగర్‌కు, ట్రైగ్లిజరైడ్లకు ఎక్కువ చేటు చేసేది ఈ లోపలి కొవ్వే. అందుకే ఇంట్లో కాటాతో పాటు టేపు కూడా పెట్టుకుని నడుము కొలుచుకోమంటాను.

అపోహ: పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వే కరుగుతుంది.

వాస్తవం: గట్టిపడేవి పొట్ట కండరాలు. కొవ్వు ఎక్కడ ముందు కరగాలో మనం ఎంచుకోలేం.

అపోహ: ఫిట్‌నెస్ అంకె తక్కువ వచ్చిందంటే గుండె బలహీనమే.

వాస్తవం: ఈ అంకె పేరు వీఓటూ మ్యాక్స్, అంటే శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్. దాన్ని నిమిషానికి, కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కకడతాం. ఇద్దరు నిమిషానికి 2,400 మిల్లీలీటర్లే వాడారనుకోండి. 60 కిలోల మనిషికి 40 వస్తుంది, 80 కిలోల మనిషికి 30. వాడిన ఆక్సిజన్ ఇద్దరిదీ ఒకటే, తేడా అంతా భాగహారంలో వచ్చింది. ఫిట్‌నెస్ తక్కువున్నవాళ్లలో షుగర్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనిపించడంలో కొంత వాటా బరువు పెంచి ఈ అంకెను తగ్గించే అదనపు కొవ్వుదే. అలాగని ఫిట్‌నెస్ పాత్రను కొట్టిపారేయకండి. కండరం చేసే పనేమిటో పైన చూశాం కదా.

అపోహ: నేను సన్నగానే ఉన్నాను, నాకేం టెన్షన్?

వాస్తవం: సన్నగా ఉండి రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్లలో కొందరి రిపోర్టుల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువ. కదలకపోతే ఏమవుతుందో చూడండి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు 20 ఏళ్ల యువకులను 3 వారాలు మంచం దిగనివ్వలేదు. 30 ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్లనే పరీక్షించారు. 30 ఏళ్ల వయసు తగ్గించినదానికంటే ఆ 3 వారాల మంచమే వాళ్ల సామర్థ్యాన్ని ఎక్కువ తగ్గించిందని తేలింది.

అపోహ: రోజూ నడిస్తే కొలెస్ట్రాల్ మందు మానేయొచ్చు.

వాస్తవం: నడకతో హెచ్‌డీఎల్ కొద్దిగా పెరుగుతుంది, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌లో మార్పు స్వల్పమే. మందు సంగతి డాక్టరుతో తేల్చుకోండి.

అపోహ: వారంలో ఒక్కరోజు గట్టిగా చేస్తే చాలు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. షుగర్ ఉన్నవాళ్లు వరసగా రెండు రోజులకు మించి మానకండి, ఇన్సులిన్ విషయంలో వచ్చిన మేలు అప్పటికే తగ్గిపోతుంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష 2, 3 నెలల షుగర్ సగటు చెబుతుంది కాబట్టి, మొదలుపెట్టిన మూడు వారాలకే చేయించుకుని నిరాశపడకండి. మూడు నెలలు ఆగి చేయించుకోండి.